డారెన్ ఫ్లెచర్: ఆడని ఫైనల్ ఒక్కటేనా గుర్తుండేది?

గోదారోడు (రాజమండ్రి):

పక్క థ్రెడ్‌లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్‌లో అన్ని కాలాల్లోనూ మేటి పదకొండు మంది (ఆల్‌టైమ్ పదకొండు) ఎవరని కొట్టుకుంటున్నారు కదా, చూస్తూనే ఉన్నా. మిడ్‌ఫీల్డ్ (మైదానం మధ్యలో ఆడేవాళ్ళు) దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే పాట: గ్రేమ్ సూనెస్, బిల్లీ బ్రెమ్నర్, జిమ్ బాక్‌స్టర్, డేవ్ మెకే. కుర్రాళ్ళొచ్చి మెక్‌టోమినేని ఇరికిస్తున్నారు. నాపోలీతో ఇటలీ లీగు గెలిచాడు కాబట్టి అదీ కాదనలేం. డారెన్ ఫ్లెచర్ పేరు మాత్రం ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు.

ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కి 342 మ్యాచులు ఆడాడు, స్కాట్లాండ్‌కి 80. 2009-10లో ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళు తమలో తాము ఓట్లేసుకుని ఎంచుకునే ఆ ఏటి జట్టులో చోటు దొరికింది. ఇన్ని ఉన్నా, ఫ్లెచర్ అనగానే మనవాళ్ళ నోట వచ్చేది సెమీస్‌లో రెడ్ కార్డు పడి అతను ఆడలేకపోయిన 2009 రోమ్ ఫైనల్, అదే ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) ఫైనల్. "ఆ రోజు వాడుంటే బార్సిలోనాని ఆపేవాళ్ళం" అని ఒక నిట్టూర్పు, అంతటితో సరి. ఆడిన 342 వదిలేసి ఆడని ఒక్కదాంతో మనిషిని కొలుస్తామా?

నా వాదన సూటిగా చెప్తా. 2008 చివర్నుంచి 2010 దాకా యునైటెడ్ మిడ్‌ఫీల్డ్‌లో అతనంత పనికొచ్చినవాడు ఇంకొకడు లేడు. అదే మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన స్కోల్స్ భక్తులు రాళ్ళు వేసుకోవచ్చు.

గన్నర్_గుంటూరు:

రాయి కాదు గానీ ఒక ప్రశ్న వేస్తా బాస్. ఫ్లెచర్ దగ్గర ప్రత్యేకంగా ఏముంది? పరిగెడతాడు, అడ్డం పడతాడు, పక్కవాడికి పాస్ ఇస్తాడు. యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ స్కాట్లాండ్ మనిషి కాబట్టి తనవాడని మోశాడు. పాపం, అప్పటి యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ కూడా అదే కదా అన్నది? స్కాట్లాండ్‌లో ఇతన్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటారో తనకి అర్థం కావట్లేదని.

ఓరుగల్లు_రెడ్:

ఆగు తమ్మీ. కీన్ ముచ్చట తీసినవ్ కాబట్టి మొత్తం చెప్పాలె, సగం చెప్తే ఎట్ల?

2005 అక్టోబర్ 29న మిడిల్స్‌బ్రో చేతిల 4-1తోని ఓడిండ్రు. కీన్‌కు దెబ్బ తాకి ఆడలే. క్లబ్బు సొంత టీవీల కూసొని అందరినీ ఏకి పారేసిండు. ఆ ప్రోగ్రాం బయటికి రానియ్యలే గని పేపర్లల్ల మాటలన్నీ అచ్చయినయ్, అందుల ఫ్లెచర్ పేరు కూడా ఉన్నది. ఆ వెంటనే లీల్ మీద కూడా ఓటమి. ఫెర్గూసన్ పని అయిపోయిందని రాసిండ్రు అప్పుడు.

నవంబర్ 6న యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు చెల్సీ వచ్చింది. మోరీన్యో కోచ్‌గ ఉన్న చెల్సీ, 40 లీగ్ మ్యాచుల నుంచి ఓటమి లేదు. రొనాల్డో క్రాస్ ఏసిండు, ఫ్లెచర్ తలకాయతోని ఎనుకకు లేపిండు, గోల్‌కీపర్ చెక్ పైనుంచి పోయి బాల్ లోపల పడ్డది. 1-0. చెల్సీ పరుగు ఆడనే ఆగింది. ఎవడు పెట్టిండు గోల్? కీన్ తిట్టిన పోరడే. ఇంకో పన్నెండు దినాలకు కీనే క్లబ్బు ఇడిసి పోయిండు.

నీ తీరుగ పక్కకు పాస్ ఇచ్చేటోడైతే ఆ రోజు బాక్స్ లోపలికి ఎందుకు ఉరికిండంటవ్?

గన్నర్_గుంటూరు:

ఒక్క హెడర్ పట్టుకుని ఇరవై ఏళ్ళు లాగుతున్నావ్ అన్నా.

ఓరుగల్లు_రెడ్:

ఒక్కటా? 2008 ఫిబ్రవరి 16, ఎఫ్ఏ కప్పు, ఓల్డ్ ట్రాఫర్డ్. మీ ఆర్సెనల్ మీద 4-0. రెండు గోల్స్ ఫ్లెచర్‌యే. నువ్వు మర్శిపోయినట్టు నటిస్తున్నవ్ గని మేం మర్వలే.

పాతకాపు:

ఇద్దరూ కాస్త ఊపిరి తీసుకోండి. ఇతని మొదటి రోజులు తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

పదహారేళ్ళకే ఫెర్గూసన్ ఇతన్ని మొదటి జట్టులో ఆడించాలనుకున్నాడు. 2000 మే నెల, సీజన్ చివరి మ్యాచ్, ఆస్టన్ విల్లా మీద. అప్పటికి ఇంకా స్కూలు కుర్రాడి ఒప్పందంలోనే ఉన్నాడు, అలాంటివాళ్ళని ప్రీమియర్ లీగ్‌లో దింపకూడదని నిబంధన అడ్డొచ్చింది. తర్వాత గాయాలు. అసలు తెరంగేట్రం 2003 మార్చిలో, ఛాంపియన్స్ లీగ్‌లో బాసెల్ మీద. అంటే మూడేళ్ళు పోయాయి.

ఆ ఎండాకాలమే బెకమ్ మాడ్రిడ్ వెళ్ళిపోయాడు. కుడి వైపు ఖాళీ అయింది. ఫ్లెచర్ మధ్యలో ఆడుతూ పెరిగిన పిల్లాడు, ఆ ఖాళీలో వింగర్‌గా నిలబెట్టారు. పక్కన రొనాల్డో కూడా కొత్త. బెకమ్ క్రాసులకి అలవాటుపడ్డ జనం కుడివైపు ఈ బక్కపలచటి కుర్రాణ్ణి చూసి ఏమనుకుంటారు? ఆ తొలి రెండేళ్ళ చూపుతోనే చాలామంది ఇతన్ని తేల్చేశారు. 2004 ఎఫ్ఏ కప్పు ఫైనల్లో, కార్డిఫ్‌లో మిల్‌వాల్ మీద 3-0 గెలిచినప్పుడు కూడా మొదటి పదకొండులో ఉన్నాడన్నది ఎవరికీ పట్టదు.

ఫెర్గూసన్ సొంత మనిషి అన్న మాటకి వస్తే, ఆయన పాతికేళ్ళలో ఎంతమంది స్కాట్లాండ్ కుర్రాళ్ళు వచ్చి వెళ్ళిపోయారో చూడండి. ఊరివాడని 342 మ్యాచులు ఇచ్చే రకం కాదాయన. గోర్డన్ స్ట్రాకన్ కూడా స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డరే, అబర్డీన్‌లో ఆయన చేతికింద ఆడినవాడే. అయినా 1989లో లీడ్స్‌కి అమ్మేశాడు.

ఎడిన్‌బరో_సుధ:

నేనుండేది ఎడిన్‌బరోలో, కాబట్టి ఇక్కడి సంగతి కొంచెం చెప్తా. ఫ్లెచర్ డాల్కీత్‌లో పుట్టాడు, 1984 ఫిబ్రవరి 1. పెరిగింది ఆ పక్కనే మేఫీల్డ్‌లో. ఎడిన్‌బరో నుంచి దక్షిణంగా బస్సెక్కితే ఎంతో దూరం ఉండదు. అదంతా బొగ్గు గనుల ప్రాంతం. దగ్గర్లోని న్యూటన్‌గ్రేంజ్‌లో లేడీ విక్టోరియా గని 1981లో మూతపడింది, ఇప్పుడది స్కాట్లాండ్ గనుల మ్యూజియం. ఫ్లెచర్ పుట్టేసరికే గనుల మీద బతుకు ముగిసిపోతోంది. ఇక్కడివాళ్ళకి సూనెస్ లాంటి దర్జా మనుషులంటే మోజు ఉండొచ్చు గానీ, నోరెత్తకుండా పని చేసుకుపోయేవాడంటే వేరే రకం గౌరవం. టైన్‌కాసిల్ బాయ్స్ క్లబ్బులో ఆడుతుండగానే పెద్ద క్లబ్బులన్నీ కన్నేశాయి.

దేశం జట్టు దగ్గర అతనిది దురదృష్టమనే చెప్పాలి. 2003 ఆగస్టులో నార్వే మీద మొదటి మ్యాచ్. అదే ఏడు అక్టోబర్‌లో సబ్‌గా వచ్చి లిథువేనియా మీద గోల్ కొట్టి 1-0తో గెలిపించాడు, దాంతో యూరో 2004 (యూరప్ దేశాల కప్పు)కి అర్హత తేల్చే ప్లేఆఫ్‌కి చేరారు. సొంత గ్రౌండ్ హాంప్‌డెన్‌లో నెదర్లాండ్స్ మీద 1-0 గెలుపు, మెక్‌ఫాడెన్ గోల్‌కి పాస్ ఇచ్చింది ఫ్లెచరే. ఊరంతా పండగ. నాలుగు రోజులకి ఆమ్‌స్టర్‌డామ్‌లో 6-0.

మరుసటి మే నెలలో ఎస్టోనియా మీద కెప్టెన్. వయసు ఇరవై. 1886లో జాన్ లాంబీ తర్వాత అంత చిన్న వయసులో స్కాట్లాండ్‌కి కెప్టెన్ అయినవాడు లేడు. ఆ తర్వాత 2017 దాకా ఆడాడు. ఒక్క ప్రపంచకప్పు గానీ, ఒక్క యూరో గానీ ఆడలేదు. 1998 తర్వాత స్కాట్లాండ్ పెద్ద టోర్నీకి వెళ్ళింది 2021లో జరిగిన యూరోకే. అతని కాలం మొత్తం ఆ రెంటికీ మధ్యలో పడింది. బ్రెమ్నర్‌కి 1974 ఉంది, సూనెస్‌కి మూడు ప్రపంచకప్పులున్నాయి. ఆల్‌టైమ్ పదకొండులో జనం వేసే ఓట్లు టోర్నీ జ్ఞాపకాల మీదే కదా పడేది.

గోదారోడు:

సుధ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. ఓట్లు ఎందుకు పడట్లేదో దీంతో చాలావరకు తెలిసిపోయింది. థాంక్స్ అండీ.

గన్నర్_గుంటూరు:

సరే, అసలు సంగతికి రండి. 2009 మే 5. ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్, మా ఆర్సెనల్ గ్రౌండ్ ఎమిరేట్స్. మా గుండెకోత రాత్రి. ఎనిమిదో నిమిషంలో మా గిబ్స్ జారిపడ్డాడు, పార్క్ గోల్. పదకొండో నిమిషంలో రొనాల్డో ఫ్రీ కిక్. అంతటితో మా కథ కంచికి. 61కి మళ్ళీ రొనాల్డో, ఆ కౌంటర్ ఎటాక్ ఇప్పటికీ కలలోకొస్తుంది. రెండు మ్యాచులు కలిపి 4-0.

ఇప్పుడు చెప్పండి, 4-0 ఆధిక్యంలో ఉండి, పావుగంట ఆట మిగిలుండగా, మా ఫాబ్రెగాస్ బాక్స్‌లోకి వస్తుంటే ఫ్లెచర్‌కి వెనకనుంచి కాలు చాపాల్సిన ఖర్మ ఏంటి? వదిలేస్తే పోయేదేముంది, ఒక గోల్. రోమ్‌కి టికెట్టు జేబులో ఉంది. తెలివిగల ఆటగాడు ఆ టాకిల్ వేయడు. అందుకే అంటున్నా, ఇతనివి కాళ్ళే, బుర్ర కాదు.

ఓరుగల్లు_రెడ్:

ఆ టాకిల్‌ల బాల్ తాకిందా లేదా? అది చెప్పు ముందు.

గన్నర్_గుంటూరు:

తాకింది. రిప్లేలో క్లియర్‌గా బాల్ తాకింది, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్న అది కాదు.

పాతకాపు:

రిఫరీ రొసెట్టి పెనాల్టీ ఇచ్చాడు, గోల్ అవకాశాన్ని ఆపాడని నేరుగా రెడ్ కూడా చూపించాడు. వాన్ పెర్సీ గోల్ కొట్టాడు, దానివల్ల ఫలితం మారలేదు. మారింది ఫ్లెచర్ ఫైనల్. అప్పటి యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) నిబంధనల్లో వేరే మనిషికి పొరపాటున కార్డు చూపిస్తే తప్ప రెడ్ మీద అప్పీలుకి చోటు లేదు. యునైటెడ్ దయచూపమని ఉత్తరం రాసింది, కుదరదన్నారు.

ఇంకో సంగతి. పెనాల్టీ, రెడ్, సస్పెన్షన్ మూడూ ఒకే తప్పుకి వేయడం అన్యాయమని ఏళ్ళ తరబడి గొడవ జరిగి, 2016లో ఆట నిబంధన మార్చారు. బాక్స్ లోపల నిజంగా బాల్ కోసమే ప్రయత్నించి తప్పు చేస్తే ఇప్పుడు పెనాల్టీతో పాటు ఎల్లో మాత్రమే. 2019 నుంచి ఛాంపియన్స్ లీగ్ నాకౌట్లలో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూడడం) కూడా వచ్చింది. ఈ కాలంలో అయితే ఆ టాకిల్‌కి అసలు తప్పే లేదని తేలేది, తేలకపోయినా రెడ్ పడేది కాదు. ఏడేళ్ళు ముందు పుట్టిన టాకిల్ అది.

ఓరుగల్లు_రెడ్:

ఎందుకు ఏసిండు అని అడిగినవ్ కదా గన్నర్. చెప్తా ఇను. 4-0 ఉన్నదని కాళ్ళు వదిలేసే రకమైతే ఫెర్గూసన్ పెద్ద మ్యాచులకు ఆయన్ను ఎంచుకునేటోడే కాదు. స్కోరు బోర్డు సూసి ఆడేటోడు వేరే, ఫ్లెచర్ వేరే. నువ్వు బుర్ర లేదన్నదే మేం ఆయనల మెచ్చేది.

గన్నర్_గుంటూరు:

హహ. ఇది జవాబు కాదు గానీ బాగుంది.

జోనల్_మార్కింగ్_రమ్య:

ఆలస్యంగా వచ్చాను, ఫైనల్ గురించి నా మాట కూడా. "ఫ్లెచర్ ఉంటే గెలిచేవాళ్ళం" అన్నది నేనెప్పుడూ నమ్మలేదు, యునైటెడ్ అభిమానినే అయినా.

రోమ్‌లో మొదటి పది నిమిషాలు ఆట యునైటెడ్‌దే. రొనాల్డో షాట్ల మీద షాట్లు కొట్టాడు. బార్సిలోనా మొదటిసారి ముందుకెళ్ళినప్పుడే ఎతో గోల్ కొట్టేశాడు, పదో నిమిషం. అక్కణ్ణుంచి మెస్సీ మధ్యలోకి దిగాడు. చావీ, ఇనియెస్టా, బుస్కెట్స్, వాళ్ళతో మెస్సీ కలిస్తే నలుగురు. ఇటు క్యారిక్, ఆండర్సన్, వాళ్ళ ముందు ముప్పై అయిదేళ్ళ గిగ్స్. లెక్కే కుదరలేదు. హాఫ్‌టైమ్‌కి ఆండర్సన్‌ని తీసి టెవెజ్‌ని పంపారు, అంటే మధ్యలో ఇంకో మనిషి తగ్గాడు. డెబ్బైలో చావీ క్రాస్, మెస్సీ హెడర్, 2-0.

ఫ్లెచర్ ఉండుంటే ఆ ఖాళీల్లో కొన్నైనా మూసేవాడు, నిజమే. ఇనియెస్టా వెంటపడేవాడు. కానీ యునైటెడ్ దగ్గర బాల్ నిలవకపోవడం అనే జబ్బుకి అతను మందు కాదు.

అన్నట్టు, మనం ఎప్పుడూ మరిచిపోయేది ఒకటుంది. ఆ రోజు బార్సిలోనాకి కూడా సస్పెన్షన్లున్నాయి. డానీ ఆల్వెస్, అబిదాల్ ఇద్దరూ లేరు. అబిదాల్ రెడ్ కూడా చెల్సీ సెమీస్‌లో పడిన అనుమానపు రెడ్డే. మార్కెజ్‌కి గాయం. పూయోల్‌ని కుడి బ్యాక్‌గా, యాయా తూరేని సెంటర్ బ్యాక్‌గా, సిల్వీన్యోని ఎడమ బ్యాక్‌గా పెట్టి గెలిచారు వాళ్ళు. వెనక వరస అంతా అతుకులే. అలాంటి జట్టు మీద ఒక్క గోల్ కొట్టలేనప్పుడు లోటు ఫ్లెచర్ ఒక్కడిదే ఎలా అవుతుంది?

గోదారోడు:

రమ్య గారు చెప్పింది నా వాదనకే బలం. "ఫ్లెచర్ ఉంటే" అన్న మాట పైకి పొగడ్తలా ఉంటుంది గానీ, ఓటమికి ఒక సాకు దొరికింది అంతే. ఆడిన ఆటగురించి ఎవడూ మాట్లాడడు. ఆ తర్వాత సీజన్ చూడండి.

2009 సెప్టెంబర్ 20, మాంచెస్టర్ డెర్బీ, అంటే ఒకే ఊరి యునైటెడ్, సిటీల మ్యాచ్, 4-3. అందరికీ గుర్తున్నది 96వ నిమిషంలో ఓవెన్ కొట్టిన గెలుపు గోల్. దానికి ముందు సిటీ సమం చేసిన ప్రతిసారీ యునైటెడ్‌ని మళ్ళీ ముందుకి లాగిందెవరు? ఫ్లెచర్. రెండు హెడర్లు, 49లో ఒకటి, 80లో ఒకటి. మిగతా మ్యాచంతా సిటీ వాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతూనే ఉన్నాడు. నవంబర్‌లో ఎవర్టన్ మీద బాక్స్ అంచు నుంచి కొట్టిన వాలీ వెతికి చూడండి, పక్కకి పాస్ ఇచ్చేవాడు కొట్టే గోల్ కాదది. మార్చిలో ఏసీ మిలాన్ మీద 4-0, నాలుగోది ఇతని తలే. రొనాల్డో వెళ్ళిపోయిన మొదటి ఏడు అది. ఒక్క పాయింటుతో లీగ్ పోయింది, చెల్సీ గెలిచింది. ఆటగాళ్ళు ఓట్లేసిన జట్టులో మిడ్‌ఫీల్డ్: మిల్నర్, ఫాబ్రెగాస్, ఫ్లెచర్, వలెన్సియా. ఫాబ్రెగాస్ పక్కన ఫ్లెచర్, గన్నర్ గమనించాలి.

గన్నర్_గుంటూరు:

గమనించాను స్వామీ. ఆ ఒక్క సీజన్ ఇస్తా. కానీ తర్వాత ఏమైంది? 2011కల్లా మాయం. గొప్పవాళ్ళు పదేళ్ళు ఉంటారు.

ఓరుగల్లు_రెడ్:

అరే, నీకు ఆయన రోగం సంగతి తెల్వదా?

జోనల్_మార్కింగ్_రమ్య:

2011 మార్చిలో "వైరస్" అని ఆటకి దూరమయ్యాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కనిపించలేదు. ఆ ఏడు డిసెంబర్ 13న క్లబ్బు ప్రకటించింది, అల్సరేటివ్ కొలైటిస్ అని, కొంతకాలం ఆడడని. నిజానికి అంతకు చాలా ముందునుంచే ఉంది. డెర్బీలో రెండు గోల్స్ కొట్టిన ఆ గొప్ప సీజన్ కూడా ఆ జబ్బుతోనే ఆడాడు.

తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. బాగా ముదిరిన రోజుల్లో రోజుకి పది, ఇరవై, ఒక్కోసారి ముప్పైసార్లు బాత్రూమ్‌కి వెళ్ళేవాడట, రక్తం పడేదట. తోటి ఆటగాళ్ళకి ఏవో సాకులు చెప్పి నెట్టుకొచ్చాడు. సిగ్గు. పాతికేళ్ళ కుర్రాడు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ మాట ఎలా చెప్తాడు?

2012 సెప్టెంబర్‌లో గలటసరాయ్ మీద సబ్‌గా తిరిగొచ్చాడు. నవంబర్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద గోల్ కూడా కొట్టాడు. కొత్త ఏడాది రాగానే ఆపరేషన్, ఆ సీజన్ అంతటితో ఆఖరు. మళ్ళీ గ్రౌండ్‌లో కనిపించింది 2013 డిసెంబర్ 15న, విల్లా పార్క్‌లో. అప్పటికి ఫెర్గూసన్ లేడు, మోయెస్ కోచ్. యునైటెడ్ ఎలా ఉందో అందరికీ తెలుసు.

పేగుల_డాక్టర్ (విశాఖ):

మామూలుగా ఈ ఫోరంలో చదివి వెళ్ళిపోతాను. ఈ థ్రెడ్ మా సబ్జెక్టులోకి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు.

అల్సరేటివ్ కొలైటిస్ అంటే మన రోగనిరోధక వ్యవస్థ మన పెద్దపేగు లోపలి పొర మీదే తిరగబడడం. పుండ్లు పడతాయి, రక్తం, చీము, జిగురుతో విరేచనాలు. ఆపుకోలేనంత తొందర. రక్తం పోయి పోయి ఐరన్ పడిపోతుంది, బరువు తగ్గుతుంది, ఆయాసం. తొంభై నిమిషాలు పది కిలోమీటర్లకి పైగా పరిగెత్తే మిడ్‌ఫీల్డర్‌కి హిమోగ్లోబిన్ తగ్గితే ఏమవుతుందో ఊహించండి. ఇది కొన్నాళ్ళు అణగి ఉండి మళ్ళీ ఎగదోస్తుంది. "ఒక సీజన్ బాగా ఆడాడు, తర్వాత మాయం" అన్న గన్నర్ గారి మాటకి వైద్యపరంగా జవాబు ఇదే.

ముందు మెసలమైన్ లాంటి మాత్రలు, ఎగదోసినప్పుడు స్టిరాయిడ్లు, తర్వాత రోగనిరోధకాన్ని తగ్గించే మందులు, బయాలజిక్ ఇంజెక్షన్లు. వీటికి లొంగకపోతే సర్జరీ. పెద్దపేగు మొత్తం తీసేస్తారు. చాలామందికి చిన్నపేగు చివర్ని లోపలే సంచిలా మలిచి కింద కలుపుతారు. ఇది ఒక్కసారిలో అయ్యేది కాదు, సాధారణంగా రెండు మూడు దఫాలు, మధ్యలో కొన్ని నెలలు పొట్ట మీద బ్యాగు. పొట్ట కండరాలు కోసి కుట్టాక మళ్ళీ ప్రీమియర్ లీగ్‌లో భుజంతో భుజం తోసుకోవడం అంటే, నేను నా పేషెంట్లకి ఇతని పేరు చెప్తూ ఉంటాను.

ఓరుగల్లు_రెడ్:

డాక్టర్ సాబ్, దండం. ఇంత సక్కగ ఎవ్వరూ చెప్పలే.

కొత్తసభ్యుడు_22:

డాక్టర్ గారూ నమస్తే. ఫుట్‌బాల్ కాదు, క్షమించండి. మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. కొన్ని నెలలుగా విరేచనాల్లో రక్తం. మొలలని ఊళ్ళో మందు వాడుతున్నాడు, తగ్గట్లేదు. బరువు కూడా తగ్గాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటున్నాడు.

పేగుల_డాక్టర్ (విశాఖ):

తమ్ముడూ, క్షమాపణ ఎందుకు. చూడకుండా ఏ జబ్బో నేను చెప్పకూడదు. కానీ ఆ వయసులో నెలల తరబడి రక్తం, పైగా బరువు తగ్గడం, ఇది మొలల మందుతో సరిపెట్టుకునే సంగతి కాదు. మన దగ్గర చాలామందికి మొదట మొలలనీ, అమీబియాసిస్ అనీ చెప్పి నెలలు గడిపేస్తారు. పేగు టీబీ కూడా చూసుకోవాలి. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, రక్తపరీక్ష, మల పరీక్ష, కొలనోస్కోపీ, అవసరమైతే బయాప్సీ. ఈ వారమే. జ్వరం గానీ, కడుపు ఉబ్బడం గానీ, రక్తం ఎక్కువ పడడం గానీ ఉంటే అదీ ఆగొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి. సిగ్గుపడుతుంటే ఈ థ్రెడ్ చదివించు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

కొత్తసభ్యుడు_22:

తప్పకుండా సార్. ఇప్పుడే ఫోన్ చేస్తా వాడికి.

మోడరేటర్:

వైద్య ప్రశ్నలకి డాక్టర్ గారు ఒప్పుకుంటే ఆరోగ్యం విభాగంలో వేరే థ్రెడ్ తెరుస్తాం. పైవి మాత్రం ఇక్కడే ఉంచుతున్నాను.

గన్నర్_గుంటూరు:

జబ్బు ఉందని తెలుసు గానీ ఇంత అని తెలీదు. ఆ విషయంలో మాట్లాడను. కానీ ఆట విషయంలో నా అభిప్రాయం మారలేదు. జాలి వేరు, ఆల్‌టైమ్ పదకొండు వేరు.

పాతకాపు:

జాలి ఎవరడిగారు? ఆపరేషన్ తర్వాతి లెక్క చూడు. 2014లో వాన్ గాల్ కోచ్‌గా వచ్చి రూనీని కెప్టెన్, ఫ్లెచర్‌ని వైస్ కెప్టెన్ చేశాడు. పదవి ఇచ్చాడు గానీ ఆడే చోటు ఇవ్వలేదు. 2015 ఫిబ్రవరిలో ఉచితంగా వెస్ట్ బ్రామ్‌కి పోయాడు. టోనీ ప్యూలిస్ కోచ్, రాగానే కెప్టెన్సీ చేతిలో పెట్టాడు. ఆ సీజన్‌లో మిగిలింది పదిహేను లీగ్ మ్యాచులు, పదిహేనూ ఆడాడు. తర్వాత సీజన్ 38కి 38. ఆ తర్వాతది కూడా 38కి 38. మొత్తం 91, ఒక్కటీ వదల్లేదు. ముప్పై దాటిన మనిషి, పెద్దపేగుకి ఆపరేషన్ అయిన మనిషి, ప్యూలిస్ జట్టులో మధ్యన నిలబడి. ప్యూలిస్ జట్టులో మిడ్‌ఫీల్డర్ అంటే బాల్ తల మీదుగా పోతుంటే కింద పరిగెత్తే ఉద్యోగం. 2017లో స్టోక్‌కి వెళ్ళాడు, ఆ జట్టు మరుసటి ఏడు కింది లీగ్‌కి జారింది, అక్కడితో ఆట ముగించాడు.

"గొప్పవాళ్ళు పదేళ్ళు ఉంటారు" అన్నావు. 2003లో మొదలై 2018 దాకా ప్రీమియర్ లీగ్ స్థాయిలో ఉన్నాడు, మధ్యలో రెండు మూడేళ్ళు జబ్బు తినేసినా.

ఎడిన్‌బరో_సుధ:

ఆ వెస్ట్ బ్రామ్, స్టోక్ రోజుల్లోనే స్కాట్లాండ్‌కి కూడా ఆడుతూ ఉండేవాడు. ఆఖరిది 2017 అక్టోబర్‌లో స్లొవేనియాలో 2-2. గెలిచుంటే ప్రపంచకప్పు ప్లేఆఫ్‌కి వెళ్ళేవాళ్ళు. అది కూడా చేజారింది. మా ఆఫీసులో ఒకాయన 6-0 గురించి నవ్వుతూ చెప్తాడు గానీ, స్లొవేనియా అంటే ఇప్పటికీ టీ కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోతాడు.

జోనల్_మార్కింగ్_రమ్య:

ఆట మానేశాక మళ్ళీ యునైటెడ్‌కే వచ్చాడు, 2021లో మొదట కోచింగ్ సిబ్బందిలోకి, మార్చిలో టెక్నికల్ డైరెక్టర్‌గా. ఆ పదవిలో ఉండగా క్లబ్బు చేసిన కొనుగోళ్ళ గురించి మాట్లాడాలంటే ఇంకో థ్రెడ్ కావాలి, నాకు బీపీ మాత్ర కూడా కావాలి. ఎంతవరకు అతని చేతిలో ఉందో బయటినుంచి చెప్పలేం కాబట్టి వదిలేద్దాం.

అసలు ప్రశ్నకి నా ఓటు: స్కాట్లాండ్ ఆల్‌టైమ్ పదకొండులో ఫ్లెచర్‌కి చోటు లేదు. సూనెస్, మెకే, బ్రెమ్నర్ ముగ్గురూ అతనికంటే మేలు. కానీ బెంచి మీద మొదటి పేరు అతనిదే, స్కాట్ బ్రౌన్, బారీ ఫెర్గూసన్ (కోచ్ కాదు, ఇంకో ఫెర్గూసన్) లాంటి మిడ్‌ఫీల్డర్ల కంటే ముందు.

గోదారోడు:

బెంచా? మాస్కోలో 2008 ఫైనల్ మొత్తం బెంచి మీదే కూర్చున్నాడు, 2009 సస్పెన్షన్, 2011 ఫైనల్లోనూ ఆడలేదు. మూడేళ్ళ తేడాలో మూడు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్, గ్రౌండ్‌లో ఒక్క నిమిషం లేదు. మీరు కూడా తీసుకెళ్ళి మళ్ళీ బెంచి మీదే కూర్చోబెడతారా రమ్య గారూ?

జోనల్_మార్కింగ్_రమ్య:

హహహ, సారీ. అయినా ఓటు మార్చను.

ఓరుగల్లు_రెడ్:

నా ఓటు రాసుకో గోదారోడా: సూనెస్, బ్రెమ్నర్, ఫ్లెచర్. మెకేను డిఫెన్స్‌ల పెట్టుకుంట, డెర్బీ కౌంటీ క్లబ్బుల ఎనుక కూడా ఆడినోడే కదా. బాక్‌స్టర్‌కు బాల్ ఇస్తే మల్ల ఇయ్యడు.

గన్నర్_గుంటూరు:

బాక్‌స్టర్‌ని తీసేశావా? 1967లో వెంబ్లీలో ప్రపంచ విజేత ఇంగ్లండ్ మీద 3-2 గెలుస్తూ, ఆట మధ్యలో బాల్‌ని గాల్లోనే తట్టుకుంటూ ఆడుకున్న మనిషిని తీసి ఫ్లెచర్‌ని పెడతావా? అన్నా, ఇది ఫుట్‌బాల్ ఫోరమా, రన్నింగ్ క్లబ్బా?

ఓరుగల్లు_రెడ్:

ఆ మ్యాచ్ తర్వాత బాక్‌స్టర్ ఎన్నేండ్లు ఆడిండో ఎతికి రా, అప్పుడు మాట్లాడుకుందాం. 91కి 91, గది యాదికి పెట్టుకో.